ఇక్కడి గాలి పడదు

బదిలీల సెక్షన్లో బల్లకు అటు పక్క ముసలి గుమాస్తా. ఇటు పక్క, కుర్చీ చూపించినా కూర్చోని సబ్‌స్టేషన్ ఆపరేటర్ పిల్ల. ఆమె భుజం వెనకాల, ఎవరూ పిలవకుండానే దిగబడ్డ యూనియన్ అక్క. గోడ గడియారంలో మూడుంబావు అయింది. నాలుగు లోపు ఆ పిల్ల ఒక కాగితం మీద సంతకం పెట్టాలి, లేదా పెట్టనని చెప్పాలి.

“ఇంకోసారి చదవండి బాబాయ్.”

“ఇప్పటికి మూడుసార్లు చదివాను తల్లీ. నాలుగోసారి చదివితే మారిపోతుందా?”

“చదవవయ్యా. నేను వినలేదుగా. యూనియన్ ముందు ఒకసారి చదివితే నీ నాలుకేం అరిగిపోదు.”

“సరే, విను అమ్మా యూనియనూ. ‘ఈ సబ్‌స్టేషన్ ఆపరేటరునూ, తీగకు అవతలి చివరనున్న సబ్‌స్టేషన్ ఆపరేటరునూ, ఇరువురి కోరిక మేరకు, ఒకరి స్థానంలోకి ఒకరిని బదిలీ చేయడమైనది.’ అంతే. మ్యూచువల్. ఇద్దరికీ శుభం.”

“శుభమా బాబాయ్?”

“కాదా? నువ్వు అటు పోతానన్నావు, పంపాం. అతను ఇటు వస్తానన్నాడు, రప్పిస్తున్నాం. అడిగింది అడిగినట్టు ఇచ్చిన ఆఫీసు ప్రపంచంలో ఇంకోటుంటే చూపించు.”

“ఆగు ఆగు. అతనంటే ఏ అతను? ఒసేయ్ పిల్లా, అతనంటే అతనేనా?”

“ఏ అతనక్కా?”

“నా దగ్గరా వేషాలు? మూడేళ్లుగా గంట గంటకీ ఫోన్లో ఓల్టేజీ చెప్తూ, మధ్యలో ఇంకేదో చెప్పే అతను. మీ అవతలి చివర.”

“ఊ.”

“ఊ అంటే?”

“ఊ అంటే అతనే.”

“అంటే నువ్వు వాడి దగ్గరికి పోతానని అర్జీ పెట్టావు. వాడు నీ దగ్గరికి వస్తానని అర్జీ పెట్టాడు. ఈ మహానుభావుడు రెండూ కలిపి ఒక సూదితో కుట్టేశాడు. ఇప్పుడు నువ్వక్కడ, వాడిక్కడ.”

“అంతే.”

“మళ్లీ నాలుగొందల కిలోమీటర్లు.”

“అంతే అక్కా. చివరలు మారాయి. తీగ అదే.”

“ఏం పెద్దమనిషీ, బుద్ధుందా? ఒక ఆడపిల్లా ఒక మగపిల్లాడూ ఒకరి ఊరికొకరు పోతామంటే ఎందుకో ఆ మాత్రం ఊహించలేవా?”

“నన్ను తిట్టకమ్మా. రాసింది చదవడం నా ఉద్యోగం. రాయనిది చదవడం నాకు ఇంట్లోనే రాదు, ఆఫీసులో ఏం వస్తుంది? ఇదిగో ఈ తల్లి అర్జీ. కారణం అన్న గడిలో ఏం రాసింది? ‘నాకు ఇక్కడి గాలి పడదు. అక్కడి గాలి పడుతుంది.’ ఇదిగో అతని అర్జీ. ‘నాకు ఇక్కడి గాలి పడదు. అక్కడి గాలి పడుతుంది.’ అక్షరం తేడా లేదు. అతని ఇక్కడ ఈమెకు అక్కడ, ఈమె ఇక్కడ అతనికి అక్కడ. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఇంత చక్కగా అతికిన జోడీ నేను చూడలేదు. చూడగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.”

“గాలి పడకపోవడమేంటే? నిన్న సైకిలు మీద నన్ను ఎక్కించుకుని ఎత్తెక్కావు కదే.”

“మరేం రాయమంటావక్కా? మనిషి లేక ఊపిరాడట్లేదని రాయనా?”

“రాయాల్సింది తల్లీ. అదీ గాలి లెక్కలోకే వస్తుంది.”

“నువ్వూరుకో. సరే, గడిలో అబద్ధం రాశారు. ఒకరికొకరు చెప్పుకోవడానికేం? రోజుకి ఎనిమిది సార్లు ఫోను. ‘ఇదిగో, నేను అర్జీ పెట్టాను’ అని ఒక్క ముక్క?”

“ఎలా చెప్తాను? ఏడాదిగా పోట్లాట. నువ్వు రా అంటే నువ్వు రా అని. చచ్చినా రానని నేనన్నాను. బతికుండగా రానని అతనన్నాడు.”

“మరి అర్జీ ఎందుకు పెట్టావు?”

“చచ్చినా రానన్నాక వస్తున్నానని చెప్పడానికి నోరెలా వస్తుంది? చెప్పకుండా వెళ్లి గుమ్మంలో నిలబడదామనుకున్నా. మొహం ఎలా పెడతాడో చూద్దామని.”

“వాడూ అదే అనుకుని ఉంటాడు.”

“అనుకునే ఉంటాడు. దొంగ.”

“ఇది వీళ్లకి కొత్త కాదయ్యా. పోయినేడాది ఏం చేశారో బాబాయ్‌కి చెప్పవే.”

“ఇప్పుడెందుకక్కా అది.”

“నేను చెప్తాను. ఇద్దరూ ఒకరికొకరు చెప్పకుండా ఒకే రోజు బస్సెక్కారు. ఇది అటు, వాడు ఇటు. సగం దారిలో రెండు బస్సులూ టీ కోసం ఒకే చోట ఆగాయి. ఇది నిద్రపోతోంది, దిగలేదు. వాడు దిగాడు, టీ తాగాడు, దీని బస్సుకి ఆనుకుని తల దువ్వుకున్నాడు, పోయాడు. ఇది వెళ్లి వాడి తలుపుకున్న తాళం కప్పని చూసొచ్చింది. వాడొచ్చి దీని తాళం కప్పని చూసిపోయాడు.”

“అతనిది ఇత్తడిది బాబాయ్. బాగుంది.”

“ఇందుకే చెప్తున్నాను, నా మాట విను. ఇది కలిసే బేరం కాదు. మూడేళ్లలో మొత్తం ఎన్నిసార్లు కలిశారు?”

“పదకొండు.”

“కలిసి ఏం చేశారు?”

“ఆ సగం దారి బస్టాండులో కూర్చున్నాం. నాలుగు గంటలు నేను వెళ్తాను, నాలుగు గంటలు అతనొస్తాడు, రెండు గంటలు కూర్చుంటాం. అందులో ఒక గంట, ఎవరు ఎక్కువ అలిసిపోయారో పోట్లాడుకుంటాం.”

“చూశావా. దూరపు కొండలు నునుపని ఊరికే అన్నారా?”

“దగ్గరికెళ్తే రాళ్లుంటాయని నీకెలా తెలుసక్కా?”

“ఒక కొండని తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాను కాబట్టి. మీ బావ ఆరేళ్లు ఎక్కడో ఆనకట్ట పనిలో ఉండేవాడు. ఆరేళ్లూ ఫోన్లో నన్ను ‘బంగారం’ అన్నాడు. అన్నం తిన్నావా బంగారం, వెన్ను నొప్పి తగ్గిందా బంగారం. పని అయిపోయి ఇంటికొచ్చాడు. ఆరో రోజు పొద్దున్న ‘ఏమేవ్, తువ్వాలేది’ అన్నాడు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా తువ్వాలే. బంగారం ఎటు పోయిందో తెలీదు.”

“మీరిద్దరూ నయం. నేనూ మా ఆవిడా ముప్పై ఏళ్లుగా ఒకే గదిలో ఉన్నాం. నిన్న ఆవిడ నాతో మొత్తం మూడు మాటలు మాట్లాడింది. ‘లే’, ‘తిను’, ‘ఆర్పు’.”

“నువ్వేమన్నావు?”

“మూడింటికీ కలిపి ఒకే ‘ఊ’ అన్నాను.”

“అదీ మరి. దగ్గరున్నవాళ్ల గతే ఇది. దూరపువాడి కోసం బస్టాండుల్లో కుళ్లడం ఎందుకే? రెండు వీధుల అవతల బంగారం లాంటి మనిషిని పెట్టుకుని.”

“మీ తమ్ముడా?”

“నేను పేరెత్తానా? ఊరికే అన్నాను. వెల్డింగు షాపు, సొంత సిలిండరు, చుట్ట బీడీ లేదు. నడిచి పోతే నాలుగు నిమిషాలు.”

“అమ్మా యూనియనూ, నువ్వు యూనియన్ పని మీదొచ్చావా, సంబంధం పని మీదొచ్చావా?”

“రెండూ కార్మిక సమస్యలే. నువ్వు కాగితం చూసుకో.”

“అక్కా, ఒకటడుగుతాను. తీగ మీద మనుషులు పని చెయ్యాలంటే రెండు చివరలా కరెంటు ఆపాలి. నేను ఇవతల ఆపుతాను. అవతల ఆపింది నాకు కనపడదు. అతను ‘ఆపాను’ అంటాడు. ఆ ఒక్క మాట విని నేను మనుషుల్ని పైకెక్కిస్తాను. పిల్లలున్నవాళ్లు, ముసలి తల్లులున్నవాళ్లు. మూడేళ్లలో వందసార్లు ఎక్కించి ఉంటాను. అతను ఆపానన్నాడంటే ఆపినట్టే. మీ తమ్ముడి మాట మీద నువ్వు మనిషిని తీగెక్కిస్తావా? చెప్పక్కా. రెండు వీధుల దూరమేగా.”

“వాడు గ్యాసు ఆపానని చెప్పి రెండుసార్లు షాపు తగలబెట్టుకున్నాడు. అది వేరే విషయం.”

“నాకు అదే విషయం.”

“ఒప్పుకుంటున్నాను తల్లీ, గొంతు మంచిదే. కానీ మీ గొంతుల మూలంగా డిపార్టుమెంటు పడ్డ పాట్లు చెప్పనా యూనియన్‌కి? ఒక రోజు ఈ తల్లి లాగ్ బుక్కులో ఏం రాసింది? రిమార్క్స్ గడిలో, ‘అవతలి చివర బొంగురు’ అని.”

“అతనికి జలుబు బాబాయ్. చెయ్యి దానంతటదే రాసేసింది.”

“ఇంజినీరుకి జలుబని ఎలా తెలుస్తుంది? బొంగురంటే లైన్లో ఏదో లోపమనుకున్నాడు. రెండు రోజులు టవర్లన్నీ ఎక్కించాడు. మూడో రోజు ఈ తల్లే రాసింది, ‘తగ్గింది’ అని. తనిఖీ వల్లే తగ్గిందని ఇంజినీరుకి పై నుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది.”

“సరే, సరే. ప్రేమ గట్టిదే అనుకుందాం. ఇప్పుడు దారేంటి? ఇది సంతకం పెట్టకపోతే?”

“పెట్టకపోతే మ్యూచువల్ రద్దు. కోరి తెచ్చుకుని కాదన్నందుకు మూడేళ్లదాకా ఇద్దరి పేర్లూ బదిలీ జాబితాలో ఎక్కవు.”

“ఇది ఉండిపోయి, వాణ్ణొక్కణ్ణే ఇటు పంపిస్తే?”

“ఎక్కడ కూర్చుంటాడు? ఈ తల్లి లేస్తేనే అతనికి కుర్చీ. ఈమె లేవనంటే అతను నిలబడాలి. నిలబడే ఉద్యోగం మన దగ్గర లేదు.”

“ఆఫీసు గేటు ముందు కూర్చుంటాం. నినాదాలిస్తాం.”

“ఏమని ఇస్తావమ్మా? అడిగింది ఇచ్చిన అన్యాయం నశించాలి అనా?”

“...అది కొంచెం ఇబ్బందే.”

“మూడూ ఇరవై ఎనిమిది అయింది తల్లీ.”

“ఫోన్ చెయ్యవే వాడికి. ఇద్దరూ మాట్లాడుకుని ఏడవండి.”

“నేను చెయ్యను. చేస్తే నేను దిగొచ్చినట్టు.”

“అర్జీ పెట్టి దిగిపోలేదా?”

“అది కాగితం మీద. నోటితో దిగలేదు.”

“ఇంకో సంగతి చెప్పనా? సంతకం పెట్టావా, వాడు వచ్చి నీ కంట్రోల్ రూములో కూర్చుంటాడు. కూర్చోగానే కిటికీలోంచి చూస్తాడు. కిటికీ బయట ఏముంది? పెద్దమనిషికి చెప్పు. ఏముంది?”

“పాత ట్రాన్స్‌ఫార్మర్ల గుట్ట.”

“వాడికేం చెప్పావు?”

“గులాబీ మొక్క.”

“మూడేళ్ల నుంచీ?”

“మొదటిసారి అడిగాడక్కా, కిటికీలోంచి ఏం కనపడుతుందని. తుప్పు పట్టిన డబ్బాలని ఎలా చెప్తాను? ఒక గులాబీ మొక్క అన్నాను. మర్నాడు ఎన్ని పూశాయన్నాడు. రెండన్నాను. ఇక అక్కణ్ణుంచి రోజూ పూయించాల్సి వచ్చింది.”

“మొన్న వారం నా ముందే ఫోన్లో చెప్పింది. చీడ పట్టింది, ఆకులు రాలుతున్నాయి అని. వాడు వేపాకు కషాయం ఎలా కొట్టాలో పావుగంట చెప్పాడు. ఇది కాగితం తీసుకుని రాసుకుంది.”

“తల్లీ, చీడ తగ్గిందా?”

“నవ్వకండి బాబాయ్. ఇటివ్వండి ఫోను. చేస్తాను.”

“స్పీకర్లో పెట్టు.”

“ఎందుకు?”

“యూనియన్ సమక్షంలో జరిగే చర్చలు బహిరంగంగా ఉండాలి. పెట్టు.”

“హలో. ఇవతలి చివర.”

“అవతలి చివర. చెప్పండి మేడమ్. రీడింగా?”

“డ్యూటీలో లేను. ఏం చేస్తున్నావు?”

“ఏం లేదు. ఊరికే, ఆఫీసు పని మీదొచ్చా.”

“ఏ ఆఫీసు?”

“అదే, ఆఫీసు. నువ్వు?”

“నేనూ ఊరికే.”

“ఊరికేనా?”

“ఊరికే. అక్కడ గాలెలా ఉంది?”

“గాలా?”

“గాలే. పడుతోందా?”

“...ఏడాదిగా సరిగ్గా పడట్లేదు. దగ్గొస్తోంది. నీకక్కడ?”

“ఆయాసం.”

“మా డాక్టరు గాలి మార్చుకోమన్నాడు.”

“ఏ డాక్టరు?”

“నీకు చెప్పిన డాక్టరే.”

“ఈ దగ్గులూ ఆయాసాలూ నాలుగింటి దాకా సాగేలా ఉన్నాయి. ఏమయ్యా, నేను యూనియన్. ఇద్దరి అర్జీలూ బయటపడ్డాయి. నీ ముందూ ఇదే కాగితం ఉందా?”

“ఉందండి. మా గుమాస్తా గారు గడియారం చూస్తున్నారు.”

“మా గుమాస్తా కూడా చూస్తున్నాడు. ఇక దాపరికం ఎందుకు, ఒప్పేసుకోండి.”

“నేను ఒప్పుకోవడానికేం లేదండి. ముందు దిగింది ఆవిడే. అర్జీ ఆవిడది మంగళవారం, నాది బుధవారం.”

“నాది మంగళవారం సాయంత్రం. నువ్వు మంగళవారం పొద్దున్నే రాసి జేబులో పెట్టుకుని ఉంటావు. నాకు తెలీదా నీ సంగతి?”

“...జేబులో ఉన్నది అర్జీ కిందికి రాదు.”

“సర్లే. నువ్విక్కడికొస్తే నీ కుక్కని ఎవరికి అప్పజెప్తావు?”

“ఏ కుక్క?”

“ఏ కుక్కేంటి? రోజూ నీ కాళ్ల దగ్గర పడుకునే కుక్క. చలికాలం నేను దాని కోసం ఊలు కోటు అల్లి పంపిన కుక్క. నేనక్కడికొచ్చాక దానికి అన్నం పెట్టాలిగా, ఎంత తింటుంది?”

“ఆ కుక్కా. అది... పోయింది.”

“ఎక్కడికి పోయింది?”

“చచ్చిపోయింది.”

“ఎప్పుడు?”

“ఇప్పుడే.”

“ఇప్పుడేనా? అయ్యో పాపం. మరి ఆ ఊలు కోటు?”

“అది నేనే తొడుక్కుంటున్నా. మెడకి. కొంచెం బిగుతు.”

“నా గులాబీ మొక్క కూడా ఎండిపోయింది.”

“ఎప్పుడు?”

“నువ్వు ఇక్కడికొస్తున్నావని ఆర్డరు చదివినప్పుడు. నిలువునా ఎండిపోయింది.”

“వేర్లు కూడా లేవా?”

“వేర్లు అసలు లేవు.”

“...నాకు అనుమానం వచ్చిందిలే. శీతాకాలం, ఎండాకాలం, ఆదివారాలు సహా రోజూ రెండు పూలు పూసే మొక్క ఎక్కడుంటుంది?”

“మరి చీడకి మందెందుకు చెప్పావు?”

“పావుగంట మాట్లాడచ్చని.”

“పిల్లలూ, మూడూ నలభై అయింది. మీ కుక్కకీ మొక్కకీ కలిపి ఒక నిమిషం మౌనం పాటించి, సంగతి తేల్చండి.”

“విన్నావుగా. ఏం చేద్దాం?”

“నువ్వు చెప్పు.”

“పెట్టకపోతే మూడేళ్లు.”

“పెడితే నీ చివర నేను, నా చివర నువ్వు.”

“నేను పెట్టేస్తున్నా.”

“...నిజంగానా?”

“నువ్వు?”

“నువ్వు పెడితే నేనూ పెట్టేస్తా.”

“అదేంటి, అంత తేలిగ్గా ఒప్పుకున్నావు?”

“నువ్వూ తేలిగ్గానే అన్నావుగా. నవ్వుతున్నావేంటి?”

“నేనేం నవ్వట్లేదు. నువ్వెందుకు నవ్వుతున్నావు?”

“నేనా? దగ్గు. సరే, నువ్వు ముందు వచ్చేయి.”

“నేనెందుకు? నువ్వే ముందు రా. వచ్చి నా దగ్గర చార్జి తీసుకో, ఆ తర్వాత నేను నీ చోటికెళ్తా.”

“అలా కాదు. నువ్వు వచ్చి నా దగ్గర తీసుకో.”

“నువ్వు రా అన్నానా?”

“నువ్వు రా అంటుంటే.”

“మళ్లీ మొదలెట్టారు. పెట్టెయ్ ఫోను. పెట్టెయ్యవే.”

“ఏం బాబాయ్, సంతకం ఎక్కడ?”

“ఇక్కడ. దీని కింద. ఇంకోటి ఇక్కడ. తొందరెందుకు తల్లీ, చదువుకుని పెట్టు.”

“నాలుగుసార్లు చదివారుగా. ఇదిగో.”

“ఒసేయ్, ఏంటే ఇది? గింజుకుంటావనుకున్నా, ఏడుస్తావనుకున్నా. పెళ్లిపీటల మీద పెట్టినట్టు పెట్టేశావే.”

“నీకు చెప్తాను ఉండు. బాబాయ్, చార్జి అప్పగింత ఫారం ఇస్తారా?”

“ఇదిగో. సబ్‌స్టేషన్లో నీ పేరు మీదున్న సామాను జాబితా. అన్నీ సరిపోయాయని రాసివ్వు. వచ్చినవాడు లెక్క చూసుకుని నీ దగ్గర తీసుకుంటాడు. ఎవరు ముందు బయల్దేరితే వాళ్లు. ఆ రూలు మీకే వదిలేశాం.”

“అన్నీ సరిపోకపోతే?”

“సరిపోకపోతే దొరికేదాకా నువ్వు కదలకూడదు.”

“వచ్చినవాడు?”

“అతనూ కదలకూడదు. పాత చోటు వదిలేశాడు, కొత్త చోటు తీసుకోలేదు. ఎటు పోతాడు? దొరికేదాకా ఇద్దరూ అక్కడే, ఒకే షిఫ్టులో, పక్కపక్క... ఆగు. ఆగాగు. జాబితాలో ఎన్ని ఉన్నాయి?”

“నాలుగొందల పన్నెండు.”

“సబ్‌స్టేషన్లో ఎన్ని ఉన్నాయి?”

“నాలుగొందల పదకొండు బాబాయ్.”

“నాకు ఆఫీసు టైంలో ఎడమ చెవి వినపడదు తల్లీ. ముద్ర పక్క గదిలో ఉంది. తెచ్చుకునేలోపు మీరు మాట్లాడుకునేది కుడి చెవికి కూడా వినపడదు.”

“ఏం మాయ చేశావే? ఏది తక్కువ?”

“టాంగ్ టెస్టర్.”

“అదేం వస్తువు?”

“పట్టకారు లాగా ఉంటుందక్కా. తీగకి పట్టించి చూస్తే అందులో కరెంటు ఎంత పోతోందో చెప్తుంది.”

“ఎక్కడుంది?”

“మా ఇంట్లో, పాత బూట్ల పెట్టెలో. ఆర్డరు వస్తోందని పొద్దున్న మా మేనేజరు చెప్పగానే పెట్టేశా.”

“ఎన్నాళ్లు దాస్తావే? ఎన్నటికీ దొరకకపోతే ఊరుకుంటారా?”

“మా పగటి షిఫ్టు పెద్దాయన ఎనభై రోజుల్లో రిటైరవుతాడు. కుర్చీ ఖాళీ. అందులోకి అతను, నా కుర్చీలో నేనే. ఆ మర్నాడు టాంగ్ టెస్టర్ దొరుకుతుంది. అప్పటిదాకా రోజూ ఇద్దరం కలిసి వెతుకుతాం. బాగా వెతుకుతాం.”

“ఓసి నీ ఇల్లు బంగారం కానూ. ఇరవై ఏళ్లు యూనియన్ నడిపాను. రూలుని రూలుతో కొట్టడం నాకెప్పుడూ ఇలా తట్టలేదు.”

“అతనికి చెప్పలేదక్కా ఇంకా. వచ్చాక చెప్తాను. మొహం ఎలా పెడతాడో చూడాలి.”

“ముందు వాణ్ణి రానివ్వు. వాడే ముందొస్తాడని నమ్మకమేంటి?”

“వస్తాడు. ఒప్పుకున్నప్పుడు నవ్వాడు చూశావా? నన్ను చూడాలని తొందర.”

“నిజం చెప్పనా పిల్లా, మా తమ్ముడి కోసం వచ్చాను. ఇప్పుడు వాణ్ణి నీకిచ్చి కట్టబెడితే నీకు కాదు, వాడికే అన్యాయం. దూరమో దగ్గరో, ఇంత కష్టమూ మీరే పడండి. మీ బావ నా కోసం ఒక తువ్వాలైనా దాచలేదు.”

“ముద్ర తెచ్చాను. చెప్పు తల్లీ, ఏం రాయను?”

“టాంగ్ టెస్టర్ ఒకటి, కనపడట్లేదు అని రాయండి బాబాయ్.”

“టాంగ్... టెస్టర్... ఒకటి. కనపడుట... లేదు. ఇదిగో ముద్ర. ఇదిగో రిజిస్టరు. ఎక్కించేశాను. ఇక పై ఆఫీసరు దిగొచ్చినా, వస్తువు దొరికేదాకా నువ్వు ఈ ఊరి పొలిమేర దాటడానికి వీల్లేదు.”

“దాటను బాబాయ్. ఒట్టు.”

“ఫోన్ మోగుతోందే. వాడే. స్పీకర్లో పెట్టు.”

“హలో, ఇవతలి చివర. సంతకం పెట్టావా?”

“పెట్టేశా. నువ్వు?”

“నేనూ పెట్టేశా. రేపు పొద్దున్న బస్సుకి వచ్చేయి. ఎనిమిది గంటలే. ఈసారి సగం దారిలో టీకి దిగకు.”

“అదే చెప్దామని చేశా. నేను రావడానికి లేదు. నువ్వే రావాలి.”

“మళ్లీనా? ఎందుకు లేదు?”

“కోప్పడకు మేడమ్. నువ్వొచ్చాక చెప్దామనుకున్నా, ఆపుకోలేక చెప్పేస్తున్నా. ఇక్కడ చార్జి లిస్టులో ఒకటి తక్కువొచ్చింది. దొరికేదాకా నన్ను కదలనివ్వరు, వచ్చావంటే నిన్నూ కదలనివ్వరు. ముద్ర కూడా వేయించేశా.”

“...ఏది తక్కువ?”

“టాంగ్ టెస్టర్.”